నీటి కుంట గట్టున పంపు బిగించడం



వేరుసెనగ చేలో తవ్వుకున్న నీటి కుంట దగ్గర చిన్న ఇంజను పంపును ఎట్లా బిగించాలి, బిగించిన పంపు నీరు ఎందుకు ఎత్తుతుంది, ఎందుకు ఎత్తదు అనే సంగతులు ఈ పూట మాట్లాడుకుందాం. ఇది మెకానిక్కు పని గదా, మనకెందుకు అనుకోవద్దు. బెట్ట ముదిరిన రోజున మెకానిక్కు ఏ కదిరిలోనో, ఏ ధర్మవరంలోనో ఉంటాడు. పైరు మాత్రం మన కళ్లెదుట వాడుతూ ఉంటుంది.

మన అనంతపురం పీఠభూమిలో సాలీనా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండై, ధర్మవరం, కదిరి, పెనుకొండ, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినవి. జిల్లా రెండయింది గాని ఆకాశం రెండు కాలేదు. ఆ కురిసే వాన అయినా అదను చూసి కురవదు, అదే మన బాధ. జూన్, జూలై నెలల్లో పదును చూసి విత్తుతాము. 25, 30 రోజులకు పూత వస్తుంది. 40, 45 రోజుల నాటికి ఊడలు దిగడం మొదలవుతుంది. ఆ తరువాత కాయ ఊరుతుంది. సరిగా ఈ రోజుల్లోనే ఆగస్టు బెట్ట వచ్చి పడుతుంది. ఎర్రనేల రెండు వారాలు తడి లేకపోతే పైన పెంకు కట్టి గట్టిపడుతుంది. ఊడ మొన ఆ పెంకును గుచ్చుకొని లోపలికి దిగలేదు. గాలిలోనే వేలాడి ఎండిపోతుంది. దిగని ఊడకు కాయ లేదు. ఆ తరువాత ఎంత వాన కురిసినా చెట్టు పచ్చగా కనబడుతుందేగాని పీకి చూస్తే వేరు బోసిగా ఉంటుంది. ఆ సమయంలో 10 మిల్లీమీటర్లో, 20 మిల్లీమీటర్లో ఒక్క తడి ఇవ్వగలిగితే పంట నిలుస్తుంది. కుంటలు తవ్వింది ఆ ఒక్క తడి కోసమే.

కుంటలకు మన సీమలో కొదవ లేదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించినది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకం కింద పొలాల్లో ఎన్నో కుంటలు తవ్వించారు. 2016లో రాష్ట్ర ప్రభుత్వం ‘పంట సంజీవని’ పేరుతో ఆ పనిని ఇంకా పెంచింది. అదే సంవత్సరం ఆగస్టులో వేరుసెనగ వాడుతుంటే రెయిన్‌గన్‌లు, ఇంజన్లు, పైపులు, నీళ్ల ట్యాంకర్లు మన జిల్లాకు పెద్ద ఎత్తున పంపారు. వాటి వల్ల ఎంత పంట దక్కింది, ఎంత దక్కలేదు అన్నదాని మీద ఆనాడు చాలా వాదం నడిచింది. ఆ వాదంలోకి ఇప్పుడు పోను. నాకు తోచిన సంగతి ఒకటి చెబుతాను. ఇంజను గట్టు మీదికి వచ్చినంత మాత్రాన నీరు చేలోకి రాదు. ఇంజనుకూ నీటికీ నడుమ నాలుగు బారల గొట్టం ఉంటుంది చూశారూ, పంట ఆ గొట్టం మీద ఆధారపడి ఉంటుంది. ఇంజను ఎన్ని హార్సుపవర్లని పదిసార్లు అడిగే రైతు ఆ గొట్టాన్ని ఒక్కసారి కూడా తడిమి చూడడు.

ముందుగా కుంటలో ఎంత నీరుందో లెక్క చూసుకోవాలి. పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతు ఉన్న కుంట అనుకుందాం. పక్కలు నిలువుగా తవ్వితే కూలిపోతాయి కాబట్టి ఏటవాలుగా తవ్వుతాము. మీటరు లోతుకు మీటరు లోపలికి వాలు ఇస్తే అడుగున 5 మీటర్ల చదరం మిగులుతుంది. ఈ కుంట అంచుల దాకా నిండితే సుమారు 1,46,000 లీటర్లు. ఎకరానికి 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే సుమారు 40,500 లీటర్లు కావాలి, 20 మిల్లీమీటర్లకు 81,000. అంటే నిండు కుంట మూడున్నర ఎకరాలకు పలుచని తడి, లేదా ఒకటి ముప్పాతిక ఎకరాకు నిండు తడి ఇస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటొకటి ఉంది. కుంట సగం లోతుకు దిగింది, సగం నీరుంది గదా అనుకుంటారు. లేదు. అడుగు సన్నగా ఉంటుంది కాబట్టి సగం లోతులో మిగిలేది 49,500 లీటర్లు, మూడో వంతు మాత్రమే. అందులోనూ అడుగున ఒక అడుగు లోతు బురద నీరు పంపుకు పనికిరాదు. కాబట్టి ‘ఇంకో నాలుగు రోజులు చూద్దాం, వాన రాకపోతుందా’ అని గట్టు మీద కూర్చుంటే ఆ నాలుగు రోజులు ఎండ పైనుంచి, ఇంకుడు కిందనుంచి కుంటను తాగుతూనే ఉంటాయి. ఊడలు దిగే వేళకు నేల గట్టిపడుతున్నదని గుంటక మొన మీకు చెబుతుంది. ఆ రోజే ఇంజను ఎక్కించవలెను.

ఇప్పుడు పంపు సంగతి. మన తాతలు కపిల తోలిన రోజుల్లో 40 అడుగుల బావిలో నుంచి కూడా నీరు తోడారు. ఎద్దులు తాడును లాగితే బానతో పాటు నీరు పైకి వచ్చింది. ఆయిల్ ఇంజను వచ్చాక అదే బావి దగ్గర గట్టు మీద పంపు పెడితే చుక్క రాలేదు. ‘ఎద్దులు లాగిన నీటిని ఇంజను లాగలేదా’ అని పెద్దలు నవ్వారు. సంగతేమిటంటే పంపు నీటిని లాగదు. తాడు కట్టి లాగినట్లు నీటిని ఎవరూ లాగలేరు. పంపులోని రెక్కల చక్రం గిర్రున తిరిగి తనలో ఉన్న నీటిని బయటికి విసురుతుంది. విసిరిన చోట ఖాళీ ఏర్పడుతుంది. కుంట నీటి మీద మన చుట్టూ ఉన్న గాలి తన బరువుతో ఎప్పుడూ ఒత్తుతూ ఉంటుంది గదా, ఆ ఒత్తిడి నీటిని గొట్టం గుండా ఆ ఖాళీలోకి ఎక్కిస్తుంది. పీల్చేది పంపు అనుకుంటాము. ఎక్కించేది గాలి.

గాలి బలానికి ఒక హద్దు ఉంది. ఇటలీలో బావి పంపులు సుమారు 10 మీటర్లకు మించి నీరు ఎత్తకపోవడం చూసి గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో ఆ సంగతి రాశాడు. కొద్ది సంవత్సరాలకే ఆయన శిష్యుడు టారిచెల్లి పాదరసంతో ప్రయోగం చేసి, నీటిని నిలబెట్టేది గాలి బరువేనని చూపాడు. సముద్రపు ఒడ్డున ఆ బరువు 10.3 మీటర్ల నీటిని, అంటే సుమారు 34 అడుగులు, నిలబెడుతుంది. మన పీఠభూమి సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల పైన ఉన్నది కాబట్టి గాలి కొంచెం పలచన. ఇక్కడ 32, 33 అడుగులే. ఇది కూడా కాగితం లెక్క. గొట్టంలో రాపిడి, వంపులు, నీటి వేడి అన్నీ పోను 20 అడుగులు దాటితే నమ్మకం లేదు. 15 అడుగుల లోపు ఉంటే హాయి. పాత బావుల్లో పంపును మెట్టు మెట్టుగా కిందికి దించుకుంటూ పోయింది ఇందుకే.

కుంటకు ఈ లోతు బాధ లేదు. గట్టు ఎత్తు కలుపుకున్నా 12 అడుగుల లోపే. అయినా కుంటల దగ్గర పంపులు మొరాయిస్తున్నాయి. ‘సార్, కొత్త ఇంజను, మూడు లీటర్ల డీజిలు తాగింది, బొట్టు నీరు రాలే’ అని రైతు అంటాడు. పోయి చూస్తే ఇంజను చింతచెట్టు నీడలో ఉంటుంది, కుంట 60 అడుగుల దూరంలో ఉంటుంది. నడుమ గొట్టానికి అయిదు అతుకులు, రెండు వంపులు, ఒక చోట గట్టు మీద గూని లేచి ఉంటుంది. ఇంజనుకు నీడ కావాలనుకోవడం మంచిదే, కాని నీడ కావలసింది మనిషికి. నాలుగు కొమ్మలు, ఒక గోనెపట్ట కడితే ఇంజనుకు నీడ అయిపోతుంది. పంపును నీటి దగ్గరికే తీసుకుపోవాలి. పీల్చే వైపు పొట్టిగా ఉండాలి, నెట్టే వైపు ఎంత పొడుగున్నా పరవాలేదు. నెట్టడానికి పంపుకు ఇంజను బలం ఉంది. పీల్చే వైపు గాలి బలం తప్ప ఇంకే బలమూ లేదు.

కోస్తాలో మోటారు పడవల వాళ్లు ఈ సంగతి బాగా ఎరుగుదురు. పడవ అడుగున ఊటగానో, అలల వల్లనో నీరు చేరుతుంది. మన జలాశయాల్లో పుట్టి వేసుకొని చేపలు పట్టేవారు ఆ నీటిని డబ్బాతో తోడి పారబోస్తారు. మోటారు పడవలో దానికొక చిన్న పంపు బిగిస్తారు. ఆ పంపును పైన చెక్క మీద పెట్టుకొని కిందికి గొట్టం దించడం కంటే, పడవ అడుగున అన్నింటికంటె పల్లంగా ఉన్న చోట, నీరు తనంతట తాను వచ్చి చేరే చోట పెట్టడమే మేలని వారి అనుభవం. నోటికి జల్లెడ కడతారు. పైకి పోయే గొట్టం ఎక్కడా మడత పడనివ్వరు. నీరు బయటికి పడే చిల్లును సముద్రపు నీటి మట్టానికి బాగా పైన పెడతారు. లేకుంటే పంపు ఆగగానే సముద్రం వెనక్కు పడవలోకి వస్తుంది. వారికి నీరు పోవాలి, మనకు నీరు రావాలి. పంపు మాత్రం ఇద్దరికీ ఒకే తీరున పనిచేస్తుంది.

గట్టున పంపు పెట్టే చోటు ఎన్నుకొనేటప్పుడు కొత్తగా పోసిన మట్టి మీద పెట్టవద్దు. ఇంజను అదురుకు మట్టి జారుతుంది, ఇంజను కుంటలోకి ఒరుగుతుంది. గట్టుకు లోపలి వైపు, నిండు నీటి మట్టానికి ఒక అడుగు పైన, గట్టి నేలలో చిన్న మెట్టు చెక్కి, రెండు మద్ది దిమ్మెలో, బండలో పరిచి దాని మీద సమంగా కూర్చోబెట్టాలి. ఇంజను కాళ్ల కింద రాళ్లు ఎగదోసి సరిపెట్టడం వద్దు. నలుగురు రైతులు కలిసి ఒక ఇంజను వాడుకుంటున్న చోట దాన్ని చిన్న బండి మీద బిగించుకున్నవారున్నారు. అది మంచి పద్ధతి, చక్రాలకు ముందూ వెనకా మేకులు కొట్టడం మరవకుండా ఉంటే.

ఇక పీల్చే గొట్టం. దుకాణంలో దీన్ని సక్షన్ పైపు అంటారు. లోపల తీగచుట్టో, గట్టి ప్లాస్టిక్ చుట్టో ఉన్న గొట్టమే వాడాలి. నెట్టే వైపు వాడే మెత్తని మడత పైపు ఇక్కడ పనికిరాదు. గాలి ఒత్తిడికి అది చప్పరించిన మామిడి టెంకలా అణగిపోతుంది. సెకనుకు 5 లీటర్లు తోడే పంపుకు పీల్చే గొట్టం 3 అంగుళాలు ఉండవలెను. పంపు నోరు రెండున్నర అంగుళాలే గదా, రెండున్నర గొట్టమే వేస్తే పైకం మిగులుతుంది గదా అంటారు. సన్నని గొట్టంలో నీరు పరుగెత్తాలి, పరుగుకు బలం కావాలి, ఆ బలం గాలి దగ్గర లేదు. పంపు నోటి దగ్గర గొట్టాన్ని సన్నం చేసే ముక్క వేసేటప్పుడు రెండు వైపులా సమంగా సన్నబడే ముక్క వద్దు. పైభాగం బల్లపరుపుగా ఉండి కిందిభాగం మాత్రమే ఏటవాలుగా ఉండే ముక్క అడగండి. సమంగా సన్నబడే ముక్కలో పైభాగాన గాలి గూడు కట్టుకుంటుంది. గొట్టం కూడా నీటి దగ్గర నుంచి పంపు వరకు ఎక్కుతూనే రావాలి. నడుమ ఒక్కచోట గూని లేచి మళ్లీ దిగితే ఆ గూనిలో గాలి నిలిచిపోతుంది, నీటికి దారి ఇవ్వదు.

అతుకుల మాట ప్రత్యేకంగా చెప్పాలి. నెట్టే వైపు గొట్టానికి చిల్లు పడితే నీరు చిమ్మి అదే మనకు చెబుతుంది. పీల్చే వైపు చిల్లు ఏమీ చెప్పదు. అక్కడ నీరు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైకి చూస్తే గొట్టం పొడిగా, శుభ్రంగా ఉంటుంది. సూది మొనంత సందు చాలు, పంపు నీరు వదిలేస్తుంది. అందుకే ఈ వైపు అతుకులు వీలైనంత తక్కువ పెట్టుకోవాలి. గొట్టం ఎక్కించిన చోట ఒక్క క్లిప్పు కాదు, రెండు క్లిప్పులు, వాటి మరలు ఎదురెదురుగా ఉండేట్లు బిగించాలి. మరల అతుకుకు టెఫ్లాన్ టేపును మర తిరిగే దిక్కునే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది. బిళ్లల అతుకు మధ్య పాత సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి వేస్తుంటాము. వేయవచ్చు, కాని దాని నడిమి రంధ్రం గొట్టం రంధ్రం కంటే చిన్నది కాకూడదు, అంచు లోపలికి వేలాడకూడదు.

గొట్టం చివర ఫుట్‌వాల్వు ఉంటుంది. మనవాళ్లలో కొందరు ఫుట్‌బాలు అంటారు, అదీ ఇదీ ఒకటే. దీనిలో తోలు మూత ఒకటి ఉంటుంది. నీరు పైకి వచ్చేటప్పుడు తెరుచుకుంటుంది, వెనక్కు పోబోతే మూసుకుంటుంది. కొత్త తోలును ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి మరీ బిగించాలి. ఎండు తోలు సరిగా కూర్చోదు. మూత కింద రాతిపలుకు ఇరుక్కున్నా, తోలు ముడుచుకున్నా పోసిన నీళ్లు కుంటలోకే పోతాయి. అట్లాంటప్పుడు పల్లెల్లో పేడ కలిపిన నీళ్లు పోస్తారు. పేడ సందుల్లో చేరి ఆ పూటకు నీరు నిలుస్తుంది, నిజమే. కాని మరునాటికి పేడ ఎండి మూత అంటుకుపోతుంది, ఇంకా పీచు పంపు రెక్కల్లోకి పోతుంది. పైరు వాడుతున్న రోజున తప్పదు అంటే చేయండి, ఆ సాయంత్రమే విప్పి కడగండి.

ఫుట్‌వాల్వు నీటిలో ఎంత లోతున ఉండాలి? పైన కనీసం రెండు అడుగుల నీరుండాలి. పైపైన ఉంటే నీటి మీద సుడి తిరిగి, ఆ సుడి గుండా గాలి లోపలికి పోతుంది. అడుగు నుంచి కూడా ఒక అడుగు ఎత్తున ఉండాలి, లేకుంటే ఒండ్రు పీల్చుతుంది. మన కుంటల్లో ఎర్రమట్టి ఒండ్రు ప్రతి వానకూ చేరుతుంది. దీనికి సుళువైన ఉపాయం తేలుడు పీపా. మూత గట్టిగా బిగించిన ప్లాస్టిక్ పీపాను నీటి మీద వదిలి, దానికి నైలాను తాడుతో ఫుట్‌వాల్వును రెండు అడుగుల కిందకు వేలాడదీయాలి. నీరు దిగేకొద్దీ పీపాతో పాటు ఫుట్‌వాల్వు కూడా దిగుతుంది. ఎప్పుడూ పై తేట నీరే వస్తుంది. నీరు మూడు అడుగులకు తగ్గినప్పుడు పీపా తాడును పొట్టి చేసి, సుడి తిరుగుతుందేమో చూస్తూ ఇంజను నిదానంగా నడపాలి. ఫుట్‌వాల్వు చుట్టూ వెదురు గంప ఒకటి కట్టి దోమతెర గుడ్డ చుడితే ఆకులు, కప్పలు దరి చేరవు. గుడ్డను మాత్రం ప్రతి గంటకూ దులపాలి.

అంతా బిగించాక ఇంజను తిప్పవద్దు. ముందు నీళ్లు పోయాలి. 20 అడుగుల 3 అంగుళాల గొట్టం 28 లీటర్ల దాకా పడుతుంది, పంపు కడుపు వేరే. గాలి బుడగలు పూర్తిగా ఆగేదాకా పోసి, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. నీటి మట్టం కదలకపోతే మీ పీల్చే వైపు బాగున్నట్టే. మట్టం దిగితే ఫుట్‌వాల్వు దగ్గర లోపం. ఈ పది నిమిషాలు ఓర్చుకోలేక గంటల తరబడి డీజిలు పోసేవారిని చూస్తుంటాము.

తరువాత నెట్టే వైపు వాల్వు మూసి ఇంజను తిప్పండి. వేగం అందుకున్నాక వాల్వును నిదానంగా తెరవండి. ఒక్కసారిగా తెరిస్తే ఖాళీ పైపులోకి నీరు ఉరికి, వెనక నుంచి వచ్చే నీరు అందుకోలేక తెగిపోతుంది. మూసిన వాల్వుతో రెండు నిమిషాల కంటే ఎక్కువ నడపవద్దు, పంపు వేడెక్కుతుంది. నీరు లేకుండా అసలే నడపవద్దు. ఇరుసు బయటికి వచ్చే చోట గ్లాండు ఉంటుంది. అక్కడ నూనె తాడు చుట్టి బిగిస్తారు. అక్కడ నుంచి నీరు చుక్క చుక్కగా కారాలి. చుక్క కూడా కారకుండా బిగిస్తే గొప్ప అనుకుంటారు, తాడు కాలిపోయి ఇరుసు అరుగుతుంది. ధారగా కారినా తప్పే.

నీరు వచ్చి మళ్లీ మళ్లీ తెగుతున్నదంటే ఎక్కడో గాలి దూరుతున్నది. ఇంజను నడుస్తుండగా ఒక అగరువత్తి వెలిగించి అతుకు అతుకుకూ చూపండి. పొగ లోపలికి వంగిన చోట సందు ఉంది. డీజిలు తొట్టికి దూరంగా ఈ పని చేయండి, పెట్రోలు ఇంజను అయితే చేయనే వద్దు. దానికి బదులు తడి ఎర్రమట్టి ముద్దను అతుకు చుట్టూ మెత్తండి. మెత్తగానే పంపు మోత మారి నీరు కుదుటపడితే సందు అక్కడే. గ్లాండు కూడా పీల్చే వైపే అనుకోండి, అక్కడి నుంచీ గాలి పోతుంది. ఇక నీరు వస్తూనే ఉంది గాని పలుచగా వస్తున్నదంటే గాలి కాదు. జల్లెడ మూసుకొని ఉండవచ్చు, రెక్కల మధ్య పుల్ల ఇరికి ఉండవచ్చు, ఇంజను వేగం తగ్గి ఉండవచ్చు. పంపు మీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం ఆ దిక్కునే తిరుగుతున్నదో లేదో కూడా చూడండి. తిరుగుడు ఎదురైనా కొంచెం నీరు వస్తుంది, అందుకే కనిపెట్టడం కష్టం.

స్ప్రింక్లర్లకు ఎంత ఇంజను కావాలో లెక్క చూద్దాం. నిమిషానికి 30 లీటర్లు చిమ్మే స్ప్రింక్లర్లు పది పెడితే సెకనుకు 5 లీటర్లు. అవి సరిగా తిరగాలంటే నోటి దగ్గర రెండున్నర కిలోల ఒత్తిడి, అంటే 25 మీటర్ల ఎత్తుకు సమానం. పీల్చే ఎత్తు 3 మీటర్లు, పైపుల్లో రాపిడికి 7 మీటర్లు కలిపితే 35. అయిదును 35తో గుణించి 75తో భాగిస్తే 2.3 హార్సుపవర్లు. చిన్న పంపు ఇంజను శక్తిలో సగమే నీటికి అందిస్తుంది కాబట్టి 5 హార్సుపవర్లు చాలు. పదింటిని 12 మీటర్ల ఎడంతో పెడితే ఒక్క పెట్టుబడికి, అంటే ఒకసారి పెట్టిన చోటికి, 1,440 చదరపు మీటర్లు తడుస్తాయి. గంటకు పన్నెండున్నర మిల్లీమీటర్లు పడుతుంది. 20 మిల్లీమీటర్ల తడికి గంటన్నర పైన. ఎకరానికి మూడుసార్లు మార్చాలి, నడిచేది మొత్తం నాలుగున్నర గంటలు. గాలి ఎక్కువగా వీచే మిట్టమధ్యాహ్నం వద్దు, తెల్లవారుజామున మొదలుపెట్టండి. రెయిన్‌గన్‌కు ఒత్తిడి ఇంతకంటే ఎక్కువ కావాలి. 5 హార్సుపవర్ల ఇంజనుకు రెయిన్‌గన్ తగిలించి, నీరు పది అడుగుల దూరంలోనే పడుతున్నదని గన్నును తిట్టి లాభం లేదు. ఒత్తిడి చూపే గడియారం ఒకటి నెట్టే వైపు పెట్టుకుంటే ఈ తగవులన్నీ తీరుతాయి.

ప్రమాదాల మాట కూడా చెప్పాలి. నీరు దిగిపోయిన పాత బావిలోకి డీజిలు ఇంజనునో, పెట్రోలు ఇంజనునో దించవద్దు. దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ అంటారు. బావిలో గాలి ఆడదు. దిగిన మనిషి తల తిరిగి పడిపోతాడు, అతన్ని తీయడానికి దిగిన మనిషీ పడిపోతాడు. బావికి కరెంటు మోటారే శరణ్యం. ఇక కుంట. ప్లాస్టిక్ పట్ట పరిచిన కుంటలో అడుగు జారితే పట్టు దొరకదు, ఈత వచ్చిన వాడికి కూడా ఎక్కిరావడం కష్టం. కుంటల్లో పడి పిల్లలు పోయిన వార్తలు మనం వింటూనే ఉన్నాం. గట్టు మీద గుంజ పాతి, ముడులు వేసిన మోకు ఒకటి ఎప్పుడూ నీటిలోకి వేలాడదీసి ఉంచండి. చుట్టూ కంప వేయండి. పీపా తాడు సవరించడానికి ఒంటరిగా దిగవద్దు, గట్టు మీద రెండో మనిషి ఉండాలి.

గ్రామ వ్యవసాయ సహాయకులకు ఒక పని చెబుతాను. విత్తనం పడిన వారంలోనే, కుంటలో రెండు అడుగుల నీరు చేరగానే, ఊళ్లో ఉన్న ప్రతి ఇంజనునూ ఒకసారి గట్టుకు తెప్పించి పది నిమిషాలు నడిపించండి. తోలు చెడిందో, క్లిప్పు విరిగిందో, తాడు ఎండిందో అప్పుడే బయటపడుతుంది. అనంతపురం పోయి తెచ్చుకునే వ్యవధి ఉంటుంది. నలుగురి ఇంజను అయితే ఎవరి చేను ముందు విత్తారో వారి ఊడలు ముందు దిగుతాయి, వరుస ఆ లెక్కన కాగితం మీద రాసి పెట్టండి. ఆగస్టు బెట్టలో గట్టు మీద నిలబడి వరుస తేల్చడం ఎవరి వల్లా కాదు.

పంట పెరికాక పంపు అడుగున ఉండే బిరడా విప్పి నీరంతా వదిలేయండి. ఫుట్‌వాల్వు తీసి, తోలుకు ఆముదం రాసి నీడన వేలాడదీయండి. పీల్చే గొట్టాన్ని మడత పడకుండా పెద్ద చుట్టగా చుట్టి, ఎండ తగలని చోట అటక మీద పెట్టండి. రెండు కొనలకూ గోనెపట్ట గట్టిగా కట్టండి. కట్టకపోతే వచ్చే జూన్‌లో దానిలోంచి మొదట వచ్చేది నీరు కాదు, ఎలుక గూడు.